అన్నీ కుదిరాక కొనవలసిన భాగం: రోడ్డు మీద నడిచే పాత మజిల్ కారుకు టార్క్ కన్వర్టర్

(డెట్రాయిట్ శివారులో, పాత అమెరికన్ కార్లంటే ఇష్టపడే తెలుగువారి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సభలోని పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

ఏటా ఆగస్టు నెల మూడో శనివారం ఉడ్‌వర్డ్ ఎవెన్యూ మీద డ్రీమ్ క్రూజ్ అనే పాత కార్ల ఊరేగింపు జరుగుతుంది. 1995లో మొదలైన ఆ వేడుకకు మనవాళ్ళు చాలా ఏళ్ళపాటు మడత కుర్చీలు పట్టుకుని చూడటానికే వెళ్ళేవారు. ఇప్పుడు సొంత మజిల్ కారుతో, అంటే బలమైన ఇంజన్ ఉన్న పాత షెవెల్‌తోనో, కమారోతోనో, ఛార్జర్‌తోనో కార్ల వరుసలో నిలబడేవారు కూడా మనలో తయారయ్యారు. అలా బండి కొన్నవారు ఇంజన్‌కు క్యామ్ (వాల్వులు ఎప్పుడు, ఎంతసేపు తెరుచుకోవాలో నిర్ణయించే షాఫ్ట్) మార్పించి, కార్బ్యురేటర్ మార్పించి, ఆ తరువాత తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటి ఉంది: "స్టాల్ ఎంత పెట్టించమంటారు?" స్టాల్ అన్నది టార్క్ కన్వర్టర్‌కు చెప్పే ఒక వేగపు అంకె, దాని వివరం కాసేపట్లో చెబుతాను. ఇంజన్ ఏమిటో, వెనుక యాక్సిల్ నిష్పత్తి (చక్రం ఒక చుట్టు తిరగడానికి డ్రైవ్‌షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరగాలో చెప్పే అంకె) ఎంతో, బండి ఎంత బరువుందో అడగకుండా ఆ ప్రశ్నకు ఒక్క అంకెతో జవాబు చెప్పేవారి మాట నమ్మవద్దని చెప్పడానికే నేను ఈ సాయంత్రం మీ ముందు నిలబడ్డాను. ఆటోమేటిక్ బండిలో ఇంజన్ బలాన్ని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే టార్క్ కన్వర్టర్ అన్నది మిగతా భాగాలన్నీ నిర్ణయమయ్యాక చివర కొనవలసిన వస్తువు. మనలో ఎక్కువమంది దాన్ని మొదట కొని, మిగతా బండిని దానికి సర్దుకోవాలని చూస్తారు.

ముందుగా ఈ బల్ల మీద ఉన్న దాన్ని చూడండి. ఇది జనరల్ మోటార్స్ వారి మూడు గేర్ల ఆటోమేటిక్ అయిన టీహెచ్350 గేర్‌బాక్స్‌కు వచ్చే మామూలు 12 అంగుళాల కన్వర్టర్. లోపలి భాగాలు కనిపించడం కోసం అంచు వెల్డింగ్ మీదుగా కోసి రెండు చిప్పలుగా విడదీశాను. గేర్‌బాక్స్ వైపు ఉండే ఈ చిప్ప లోపల రెక్కలున్నాయి, ఇది ఇంపెల్లర్. దీనికి వెల్డింగ్ చేసి ఉండే రెండో చిప్ప ఇంజన్‌కు బిగించి ఉంటుంది కాబట్టి ఇంజన్ ఎంత వేగంతో తిరిగితే ఇదీ అంతే వేగంతో తిరిగి ఆయిల్‌ను బయటి అంచు వైపు విసురుతుంది. ఎదురుగా ఉన్న ఈ రెక్కల చక్రం టర్బైన్. దీని నడుమ ఉన్న గాళ్ళలో గేర్‌బాక్స్ షాఫ్ట్ కూర్చుంటుంది. ఈ రెంటినీ కలిపే ఇనుప సంబంధం ఏదీ లేదు, నడుమ ఉన్నదంతా ఆయిలే. మూడోది ఈ చిన్న చక్రం, స్టేటర్. దీని లోపలి రింగును వేళ్ళతో పట్టుకుని బయటి రెక్కలను తిప్పుతున్నాను చూడండి: ఇటు తిప్పితే సులువుగా తిరుగుతోంది, అటు తిప్పితే బిగుసుకుపోతోంది. ఒక వైపే తిరిగే ఈ క్లచ్‌లోనే అసలు కిటుకు ఉంది. టర్బైన్ ఆగి ఉన్నప్పుడు అక్కడి నుంచి తిరిగి వచ్చే ఆయిల్ ఇంపెల్లర్ తిరిగే దిశకు అడ్డంగా వస్తుంది. స్టేటర్ కదలకుండా నిలబడి ఆ ఆయిల్ దిశను మళ్ళించి ఇంపెల్లర్‌కు సాయంగా పంపుతుంది. అందువల్ల ఇంజన్ ఇచ్చిన టార్క్‌కు, అంటే తిప్పే బలానికి, దాదాపు రెట్టింపు టర్బైన్‌కు అందుతుంది. బండి వేగం పుంజుకుని టర్బైన్ వేగం ఇంపెల్లర్ వేగంలో 85-90 శాతానికి చేరుకునేసరికి ఆయిల్ స్టేటర్ రెక్కల వెనుక వైపు తగిలి దాన్ని కూడా తిప్పేస్తుంది. అప్పటి నుంచి టార్క్ పెరగడం ఆగిపోతుంది, కొద్దిపాటి స్లిప్ (ఇంపెల్లర్ కన్నా టర్బైన్ వెనుకబడే తేడా) మాత్రం మిగులుతుంది.

చరిత్ర గురించి రెండు మాటలు చెప్పి ముందుకు వెళతాను. దీనికి మూలమైన పేటెంట్ 1905 నాటిది. జర్మన్ ఇంజనీరు హెర్మన్ ఫోటింగర్ ఓడల్లో ఆవిరి టర్బైన్ వేగానికీ ప్రొపెల్లర్ వేగానికీ పొత్తు కుదర్చడానికి ఈ ఆలోచన చేశాడు. అమెరికన్ కార్లలో 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్‌తో వచ్చిన హైడ్రామాటిక్‌లో ఉన్నది స్టేటర్ లేని ఫ్లూయిడ్ కప్లింగ్ మాత్రమే. 1948లో బ్యూయిక్ డైనాఫ్లోతో అసలైన టార్క్ కన్వర్టర్ వచ్చింది. మజిల్ కార్ల కాలానికి వస్తే, 1964 పాంటియాక్ జీటీవోలో ఆటోమేటిక్ తీసుకున్నవారికి రెండు గేర్ల పెట్టెతోనే సరిపెట్టుకోవలసి వచ్చింది. మూడు గేర్ల టీహెచ్400 ఆ కారుకు 1967లో దక్కింది. 1965 నుంచి 1967 వరకు బ్యూయిక్, ఓల్డ్స్‌మొబైల్, కాడిలాక్ బండ్లలో ఇదే టీహెచ్400కు స్టేటర్ రెక్కల కోణం మారే కన్వర్టర్ అమర్చారు. అంటే ఒకే కన్వర్టర్‌కు రెండు స్టాల్ వేగాలు. అంత తెలివైన ఏర్పాటును మూడేళ్ళకే ఎందుకు మానేశారా అని నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఇక అసలు విషయం. టర్బైన్‌ను కదలనీయకుండా పట్టుకుని యాక్సిలరేటర్‌ను పూర్తిగా తొక్కితే ఇంజన్ ఎంత ఆర్పీఎం (నిమిషానికి చుట్లు) దాకా వెళ్ళి ఆగిపోతుందో దాన్నే స్టాల్ స్పీడ్ అంటాం. మన ఊళ్ళలో మట్టి పని చేసే జేసీబీని మీరందరూ చూసే ఉంటారు. దానిలోనూ టార్క్ కన్వర్టరే ఉంటుంది. ముందు బకెట్ మట్టి గుట్టలోకి దిగబడి చక్రాలు కదలకపోయినా ఇంజన్ ఆగిపోకుండా ఒకే శ్రుతిలో మూలుగుతూ ఉంటుంది చూడండి, అదే స్టాల్ స్థితి. ఆ స్థితిలో కన్వర్టర్ ఇంజన్ మీద మోపే భారం, ఇంజన్ వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. వేగం రెట్టింపైతే భారం నాలుగు రెట్లవుతుంది. ఇంజన్ ఇవ్వగల టార్క్, కన్వర్టర్ అడిగే టార్క్ సరిసమానమైన చోట సూది ఆగిపోతుంది. కాబట్టి స్టాల్ అంకె కన్వర్టర్ ఒక్కదానికే చెందినది కాదు. సగం కన్వర్టర్‌ది, సగం ఇంజన్‌ది.

ఇంజనీర్లు దీన్ని కె-ఫ్యాక్టర్ అనే ఒక సంఖ్యతో చెబుతారు. స్టాల్ ఆర్పీఎంను, ఆ వేగం దగ్గర ఇంజన్ ఇచ్చే టార్క్ వర్గమూలంతో భాగిస్తే వచ్చేదే కె-ఫ్యాక్టర్. ఒక ఉదాహరణ చూద్దాం. 300 అడుగు-పౌండ్ల టార్క్ ఇచ్చే స్మాల్ బ్లాక్ (చిన్న రకం వీ8 ఇంజన్) వెనుక 2,400 దగ్గర స్టాల్ అయ్యే కన్వర్టర్ ఉందనుకుందాం. 300కు వర్గమూలం సుమారు 17.3; కాబట్టి కె-ఫ్యాక్టర్ దాదాపు 139. ఇదే కన్వర్టర్‌ను తీసుకెళ్ళి 450 అడుగు-పౌండ్లు ఇచ్చే బిగ్ బ్లాక్ (పెద్ద రకం వీ8) వెనుక పెడితే, డబ్బా మీద 2,400 అని రాసి ఉన్నా, అది 2,940 దగ్గరకు వెళ్ళి ఆగుతుంది. అలాగే అరిగిపోయిన పాత ఇంజన్ వెనుక పెడితే 2,400కు చేరనే చేరదు. డబ్బా మీద "2,400 నుంచి 2,800 వరకు" అంటూ వెడల్పాటి అంకెలు వేయడానికి కారణం అదే. అమ్మేవాడికి మీ ఇంజన్ ఏమిటో తెలియదు.

దీని నుంచే ఇంకొక విషయం బయటపడుతుంది, దీన్ని కొంచెం నవ్వుతూ వినండి. కన్వర్టర్ తయారుచేసే షాపుకు ఫోన్ చేసినప్పుడు మనవాళ్ళు ఇంజన్ గురించి నాలుగు మాటలు ఎక్కువ చేసి చెబుతారు. ఇంజన్ నిజంగా 300 అడుగు-పౌండ్లు ఇస్తుంటే 400 ఇస్తుందని చెప్పి, 2,600 స్టాల్ కావాలని అడిగారనుకోండి. పాపం ఆ షాపువాడు మీ మాట నమ్మి 400కు తగినట్టుగా కె-ఫ్యాక్టర్ 130 ఉండేలా కట్టి పంపుతాడు. మీ అసలు ఇంజన్ వెనుక అది 2,250 దగ్గరే ఆగిపోతుంది. గొప్ప చెప్పుకున్నందుకు 350 ఆర్పీఎం జరిమానా. పెళ్ళి సంబంధాల్లో జీతం పెంచి చెప్పడానికి మనకు ఏవో కారణాలుండవచ్చు గాని, కన్వర్టర్ షాపులో మాత్రం ఉన్నది ఉన్నట్టు చెప్పడమే లాభం.

కన్వర్టర్ వ్యాసం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. కన్వర్టర్ మోయగల టార్క్ దాని వ్యాసపు అయిదో ఘాతాన్ని బట్టి మారుతుంది. అందుకే చిన్న మార్పు కూడా పెద్ద ఫలితాన్నిస్తుంది. ఒకే రెక్కల తీరుతో 12 అంగుళాల కన్వర్టర్ 1,700 దగ్గర స్టాల్ అయితే, 11 అంగుళాలది 2,100 దాటుతుంది, 10 అంగుళాలది 2,700కు దగ్గరగా వెళుతుంది. డ్రాగ్ రేసుల్లో వాడే 8 అంగుళాల కన్వర్టర్లు అంత ఎత్తున ఎందుకు స్టాల్ అవుతాయో దీన్ని బట్టి ఊహించవచ్చు. వ్యాసం మార్చకుండా, పాత 12 అంగుళాల కన్వర్టర్‌నే తీసుకుని ఇంపెల్లర్ రెక్కలను వంచి, లోపలి ఖాళీలను పెంచి "హై స్టాల్" అని అమ్మే చౌక రకాలు కూడా ఉన్నాయి. స్టాల్ అంకె పెరుగుతుంది, నిజమే. దానితోపాటు హైవే మీద స్లిప్ కూడా పెరుగుతుంది. రెండు కన్వర్టర్ల మీద ఒకే స్టాల్ అంకె ఉన్నా ఒకటి హాయిగా నడిచి, ఇంకొకటి ఆయిల్ మాడ్చడానికి ఇదొక ముఖ్య కారణం.

ఇప్పుడు ఒక బండిని తీసుకుని పూర్తిగా లెక్క కడదాం. 1970 షెవెల్ మాలిబు, 350 క్యూబిక్ అంగుళాల ఇంజన్, టీహెచ్350 గేర్‌బాక్స్, వెనుక 3.31 యాక్సిల్, 26 అంగుళాల ఎత్తు టైర్లు, మనిషితో కలిపి సుమారు 3,600 పౌండ్ల బరువు. ఇలాంటి బండ్లు ఈ చుట్టుపక్కల చాలా ఉన్నాయి కాబట్టి దీన్ని ఎంచుకున్నాను.

మొదట నిలబడిన చోటు నుంచి కదిలే సంగతి చూద్దాం. ఇంజన్ 1,700 ఆర్పీఎం దగ్గర 250 అడుగు-పౌండ్లు ఇస్తుందనీ, మామూలు కన్వర్టర్ దాన్ని రెట్టింపు చేస్తుందనీ అనుకుందాం. అది 500 అయింది. మొదటి గేరు నిష్పత్తి 2.52, యాక్సిల్ 3.31, ఈ రెండూ గుణిస్తే 8.34. అంటే వెనుక యాక్సిల్ దగ్గర దాదాపు 4,170 అడుగు-పౌండ్లు. టైరు సగం ఎత్తు 13 అంగుళాలు కాబట్టి రోడ్డు మీద తోసే బలం సుమారు 3,850 పౌండ్లు. ఈ బండి వెనుక చక్రాల మీద పడే బరువు, ముందు భాగం పైకి లేచినప్పుడు వెనక్కు మళ్ళే బరువును కూడా కలుపుకుని, రెండు వేల పౌండ్లకు అటూ ఇటూగా ఉంటుంది. మామూలు రోడ్డు టైరు తన మీద పడిన బరువుకు మించి పట్టు ఇవ్వదు. అంటే ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కన్వర్టర్‌తోనే ఈ బండి టైర్ల పట్టుకు దాదాపు రెండింతల బలాన్ని చక్రాలకు పంపగలదు. ఈ స్థితిలో స్టాల్ పెంచితే అదనంగా వచ్చేది పొగే.

గేర్లు మారాక లాభముంటుందేమో అంటారా? 5,000 దగ్గర మొదటి గేరు నుంచి రెండో గేరుకు మారితే ఇంజన్ వేగం 3,000కు పడుతుంది, రెండు నుంచి మూడుకు మారితే 3,300 దగ్గరకు పడుతుంది. 2,400 స్టాల్ కన్వర్టర్ ఆ రెండు చోట్లా చేయగల పెద్ద మేలు ఏమీ లేదు, ఎందుకంటే ఇంజన్ అప్పటికే ఆ వేగం దాటి ఉంది. రెండు గేర్ల పవర్‌గ్లైడ్ బండ్లలో పరిస్థితి వేరు. అక్కడ గేరు మారినప్పుడు వేగం ఇంకా కిందికి పడుతుంది కాబట్టి స్టాల్‌కు కొంత పని ఉంటుంది.

మరి రోడ్డు మీద నడిచే బండికి స్టాల్ ఎందుకు పెంచాలి? నా దృష్టిలో అన్నిటికన్నా బలమైన కారణం ఐడిలింగ్, అంటే బండి ఆగి ఉండగా ఇంజన్ నెమ్మదిగా తిరగడం. దీన్ని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. ఎరుపు లైటు దగ్గర బ్రేకు తొక్కి డ్రైవ్‌లో నిలబడినప్పుడు టర్బైన్ ఆగి ఉంటుంది, ఇంపెల్లర్ తిరుగుతూ ఉంటుంది. అంటే కన్వర్టర్ అప్పుడు కూడా స్టాల్ స్థితిలోనే ఉండి ఇంజన్ మీద భారం మోపుతుంది. మన మాలిబు మామూలు కన్వర్టర్ కె-ఫ్యాక్టర్ సుమారు 107. ఫ్యాక్టరీ క్యామ్‌తో ఇంజన్ 700 దగ్గర ప్రశాంతంగా తిరుగుతుంటే ఆ భారం 42 అడుగు-పౌండ్లు; ఇంజన్ దాన్ని సులువుగా మోస్తుంది. పెద్ద క్యామ్ వేయించారనుకోండి, ఇంజన్ 900కు తక్కువగా నిలకడగా తిరగదు, పైగా ఆ కింది వేగాల్లో దాని బలం కూడా తగ్గిపోయి ఉంటుంది. 900 దగ్గర పాత కన్వర్టర్ అడిగేది 70 అడుగు-పౌండ్లు. గేరు డ్రైవ్‌లోకి వేయగానే బండి కుదుపుతో ముందుకు ఎగబాకడం, లేదా ఇంజన్ ఆగిపోవడం, బ్రేకు మీద కాలు నొప్పి పుట్టడం అన్నీ దీనివల్లే. కె-ఫ్యాక్టర్ 139 ఉన్న కన్వర్టర్ పెడితే అదే 900 దగ్గర భారం 42కు దిగిపోతుంది. అంటే పెద్ద క్యామ్ పెట్టిన ఇంజన్‌కు ఫ్యాక్టరీ ఇంజన్ మోసిన భారమే దక్కుతుంది. ఈ లెక్క నాకు చాలా నచ్చుతుంది, ఎందుకంటే క్యామ్‌కూ కన్వర్టర్‌కూ ఉన్న చుట్టరికాన్ని ఇంతకన్నా తేటగా చూపించేది ఇంకొకటి లేదు.

కాబట్టి క్యామ్ ఫ్యాక్టరీదే అయితే, లేదా 0.050 అంగుళాల లిఫ్ట్ దగ్గర కొలిచిన డ్యూరేషన్ (వాల్వు తెరిచి ఉండేంత కోణం) 210 డిగ్రీల చుట్టుపక్కల ఉంటే, మంచి స్థితిలో ఉన్న ఫ్యాక్టరీ తరహా కన్వర్టర్‌ను మార్చడానికి నాకు కారణం కనిపించదు. 220 దాటి 230 లోపున ఉంటే 2,200 నుంచి 2,600 వరకు ఆలోచించవచ్చు. అంతకు మించిన క్యామ్ పెట్టి, దానికి 2.73 యాక్సిల్ ఉంచి, ఏ స్టాల్ పెట్టాలని అడిగేవారికి నేను ముందు యాక్సిల్ మార్చమని చెబుతాను.

యాక్సిల్ గురించి ఎందుకు అంటున్నానంటే, హైవే మీద ఇంజన్ ఎంత వేగంతో తిరుగుతుందో నిర్ణయించేది అదే. లెక్క తేలిక: గంటకు మైళ్ళను యాక్సిల్ నిష్పత్తితో, 336తో గుణించి, టైరు ఎత్తు అంగుళాలతో భాగించాలి. మన మాలిబు 60 మైళ్ళ దగ్గర 2,570 ఆర్పీఎం. అదే బండిలో 2.73 యాక్సిల్ ఉంటే 2,120, 3.73 ఉంటే 2,890. వీటికి స్లిప్ కలపాలి. 5 శాతం స్లిప్ ఉంటే 2,570 కాస్తా 2,700 అవుతుంది, 10 శాతం ఉంటే 2,850.

ఇక్కడ ఒక అపోహ ఉంది. స్టాల్ అంకెకన్నా తక్కువ ఆర్పీఎంలో హైవే మీద నడిపితే కన్వర్టర్ ఎప్పుడూ జారుతూనే ఉంటుందని చాలామంది నమ్ముతారు. అది పూర్తి నిజం కాదు. స్టాల్ అంకె యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పటిది. చదునైన రోడ్డు మీద సాఫీగా వెళుతున్నప్పుడు ఇంజన్ ఇచ్చే టార్క్ చాలా తక్కువ. ఆ కొద్ది టార్క్‌కు కన్వర్టర్ ఎంతో కింది వేగంలోనే పట్టు బిగిస్తుంది. నెమ్మదిగా 80 అడుగు-పౌండ్లతో బండి కదిలించినప్పుడు చూడండి, పాత కన్వర్టర్‌తో ఇంజన్ 960 దాకా, కొత్త 2,400 కన్వర్టర్‌తో 1,240 దాకా లేస్తుంది. అంతే తేడా. కాని ఎత్తు ఎక్కుతున్నప్పుడు, ట్రెయిలర్ లాగుతున్నప్పుడు, వేసవిలో ఏసీ వేసుకుని నలుగురిని ఎక్కించుకున్నప్పుడు టార్క్ పెరుగుతుంది, దానితోపాటు స్లిప్ పెరుగుతుంది, అప్పుడు ఆ అపోహలోని నిజం బయటికి వస్తుంది. 2.73 యాక్సిల్‌తో 2,120 ఆర్పీఎంలో ఎత్తు ఎక్కే బండికి 2,800 స్టాల్ పెడితే ఆయిల్ ఉడికిపోతుంది.

వేడి గురించి సూటిగా చెబుతాను. స్లిప్ అయిన శక్తంతా ఆయిల్‌లో వేడిగా మారుతుంది, ఇంకెక్కడికీ పోదు. హైవే మీద 30 హార్స్‌పవర్ వాడుతూ 5 శాతం జారితే కిలోవాటుకు కొంచెం పైన. ఆ వేడిని రేడియేటర్ అడుగున ఉండే చిన్న కూలర్ తేలికగా మోస్తుంది. ఎత్తు మీద 80 హార్స్‌పవర్ వాడుతూ 15 శాతం జారితే 9 కిలోవాట్లు. ఇక బ్రేకు తొక్కి పట్టుకుని యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి చేసే స్టాల్ పరీక్షలో 300 అడుగు-పౌండ్లు, 2,400 ఆర్పీఎం దగ్గర 137 హార్స్‌పవర్, అంటే 100 కిలోవాట్ల పైచిలుకు, ఆ డబ్బాలోని ఆయిల్‌లోకే దిగుతుంది. ఇంట్లో స్నానానికి వాడే గీజర్లు యాభై ఒకేసారి వేసినట్టు. ఆ పరీక్ష రెండు మూడు సెకన్లు మించకూడదనడానికి కారణం అదే. పైగా బలమైన ఇంజన్ ఉన్న బండిలో ఆ పరీక్ష పూర్తికాకముందే వెనుక చక్రాలు బ్రేకులను ఓడించి తిరగడం మొదలుపెడతాయి కాబట్టి, వచ్చే అంకె అసలు స్టాల్‌కన్నా తక్కువగా ఉంటుంది.

ఆయిల్ 80 నుంచి 95 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటే గేర్‌బాక్స్ సుఖంగా ఉన్నట్టు. 120 దాటి తరచూ వెళుతుంటే సీళ్ళు గట్టిపడతాయి, క్లచ్ పలకలు మాడతాయి. డిప్‌స్టిక్ తీసి తెల్ల కాగితం మీద ఒక చుక్క వేసి చూడండి. ఎర్రగా పారదర్శకంగా ఉంటే బాగున్నట్టు, గోధుమ రంగులోకి తిరిగి మాడిన వాసన వస్తుంటే కన్వర్టర్ కొనడానికి ముందు గేర్‌బాక్స్ విప్పించాలి. స్టాల్ పెంచిన ప్రతి బండికీ రేడియేటర్ ముందు విడి కూలర్ ఒకటి, ఆయిల్ పాన్‌లో ఉష్ణోగ్రత మీటరు ఒకటి పెట్టించమని నేను పట్టుబడతాను. ఉడ్‌వర్డ్ మీద ఆగస్టు ఎండలో గంటలకొద్దీ పాకే బండికి ఈ రెండూ తప్పనిసరి. ఒక చిన్న విశేషం చెప్పాలంటే, డ్రైవ్‌లో నిలబడి ఉన్నప్పుడు, ఐడిలింగ్ వేగం ఒకటే అయితే, ఎక్కువ స్టాల్ ఉన్న కన్వర్టరే తక్కువ వేడి పుట్టిస్తుంది, ఎందుకంటే అది ఇంజన్ నుంచి తీసుకునే టార్కే తక్కువ. అయితే పెద్ద క్యామ్ వల్ల ఐడిలింగ్ వేగం కూడా పెంచుకుంటారు కాబట్టి ఆ లాభం అక్కడికక్కడే సరిపోతుంది. ఎక్కువసేపు ఆగవలసి వస్తే న్యూట్రల్‌లో వేయడం అన్నిటికన్నా చౌకైన కూలర్.

కొనేటప్పుడు లోపల ఏముందో అడగండి. రెక్కలను చిప్పకు కేవలం మడత పెట్టి కూర్చారా, లేక ఫర్నేస్‌లో బ్రేజింగ్ (వేరే లోహాన్ని కరిగించి అతికించడం) చేశారా అన్నది మొదటి ప్రశ్న. నా చేతిలో ఉన్న ఈ పాత ఇంపెల్లర్‌లో ఈ మూల రెక్కను వేలితో తాకితే కదులుతోంది, చప్పుడు కూడా వినిపిస్తోంది. బ్రేజింగ్ చేసినదైతే ఇలా కదలదు. స్టేటర్‌కు ఇరువైపులా మామూలు థ్రస్ట్ వాషర్లున్నాయా, నీడిల్ బేరింగులున్నాయా అన్నది రెండో ప్రశ్న. బలమైన ఇంజన్‌కైతే స్టేటర్ లోపలి స్ప్రాగ్ (ఇందాక చూసిన ఒక వైపే తిరిగే క్లచ్) ఏ రకమో కూడా అడగాలి, ఎందుకంటే అది జారితే టార్క్ రెట్టింపు కావడమే ఆగిపోయి బండి నిలబడిన చోటు నుంచి బద్ధకంగా కదులుతుంది; మనవాళ్ళు దాన్ని ఇంజన్ తప్పనుకుని కార్బ్యురేటర్ విప్పుతారు. క్రైస్లర్ 360 ఇంజన్ ఉన్నవారు ఇంకొక సంగతి గుర్తుంచుకోవాలి: ఆ ఇంజన్ బ్యాలెన్స్ బరువులు ఫ్యాక్టరీలో కన్వర్టర్ మీదే వెల్డింగ్ చేసి పెట్టారు, కాబట్టి బరువులు లేని కన్వర్టర్ తెచ్చి బిగిస్తే బండి అంతా వణుకుతుంది.

బిగించే విషయంలో ఒక్కటే చెబుతాను, ఎందుకంటే ఎక్కువ గేర్‌బాక్సులు ఇక్కడే పాడవుతాయి. కన్వర్టర్‌ను గేర్‌బాక్స్ మీదికి ఎక్కించేటప్పుడు తిప్పుతూ నెడితే అది అంచెలంచెలుగా లోపలికి దిగుతుంది: షాఫ్ట్ గాళ్ళు కలుస్తాయి, స్టేటర్ గాళ్ళు కలుస్తాయి, చివరికి ఆయిల్ పంపు పళ్ళలో కూర్చుంటుంది. ఆ చివరి దిగుడును చేతికి స్పష్టంగా తెలిసేదాకా వదలకూడదు. ఇంజన్‌కు గేర్‌బాక్స్ పూర్తిగా ఆనించాక కన్వర్టర్‌కూ ఫ్లెక్స్‌ప్లేట్‌కూ (కన్వర్టర్‌ను బిగించే ఇంజన్ వెనుక పలకకూ) మధ్య ఎనిమిదో వంతు అంగుళం నుంచి మూడు పదహారో వంతుల దాకా ఖాళీ ఉండాలి. ఖాళీ లేదు, బోల్టులతో లాగితే దగ్గరకు వచ్చేస్తుందిలే అని బిగించినవారు ఇంజన్ స్టార్ట్ చేసిన మొదటి నిమిషంలోనే పంపును పగలగొట్టుకుంటారు.

ప్రశ్నలకు ముందు ఇంకొక మాట. టీహెచ్350లో గేరు ఎప్పుడు మారాలో నిర్ణయించడానికి ఇంజన్ వాక్యూమ్ మీద నడిచే మాడ్యులేటర్ ఉంటుంది. పెద్ద క్యామ్ వల్ల వాక్యూమ్ తగ్గిపోతే గేర్లు ఆలస్యంగా, గట్టిగా మారతాయి. దాన్ని కొత్త కన్వర్టర్ తప్పుగా భావించి వెనక్కు పంపినవారున్నారు. మాడ్యులేటర్ సరిచేసుకుంటే ఆ ఇబ్బంది పోతుంది.

(ప్రసంగం తరువాత సభలో ఒకరు, హైవే ప్రయాణాలు ఎక్కువగా చేస్తారు కాబట్టి తమ మాలిబులో టీహెచ్350 తీసేసి నాలుగు గేర్ల ఆటోమేటిక్ అయిన 700ఆర్4 పెట్టించుకుంటే స్టాల్ విషయంలో ఏం మారుతుందని అడిగారు.)

మంచి ప్రశ్న అడిగారు, ధన్యవాదాలండీ. 1982లో వచ్చిన 700ఆర్4లో మొదటి గేరు 3.06, నాలుగో గేరు 0.70. మీ 3.31 యాక్సిల్‌తోనే మొదటి గేరులో మొత్తం నిష్పత్తి 8.34 నుంచి 10.1కు పెరుగుతుంది. అంటే కదిలేటప్పుడు కన్వర్టర్ నుంచి మీరు ఆశించిన సాయంలో కొంత గేరే చేసిపెడుతుంది. పైగా దీని కన్వర్టర్‌లో టర్బైన్‌ను కవరుకు నేరుగా బిగించే లాకప్ క్లచ్ ఉంటుంది; అది పట్టుకుంటే స్లిప్ సున్నా అవుతుంది, ఆ వేడి కూడా ఉండదు. కాబట్టి క్యామ్ కోరిన 2,400 స్టాల్ పెట్టుకుని కూడా హైవే మీద ఏ నష్టమూ లేకుండా వెళ్ళవచ్చు. అయితే 3.31తో నాలుగో గేరులో 60 మైళ్ళకు ఇంజన్ 1,800 దగ్గరే తిరుగుతుంది. పెద్ద క్యామ్ ఉన్న ఇంజన్ అక్కడ లాకప్ పట్టగానే కుంటుతుంది. మీరు 3.73 యాక్సిల్ వేయిస్తే అదే 60కి 2,020, 70కి 2,360 వస్తుంది, అది హాయిగా ఉంటుంది. లాకప్ ఎప్పుడు పట్టాలో చెప్పే వైరింగ్ పాత బండిలో ఉండదు కాబట్టి, నాలుగో గేరులో మాత్రమే పట్టేలా ప్రెషర్ స్విచ్, ఎత్తు ఎక్కేటప్పుడు వదిలేలా వాక్యూమ్ స్విచ్ పెట్టించండి. పెట్టె దాదాపు 3 అంగుళాలు పొడుగు కనుక డ్రైవ్‌షాఫ్ట్ కోయించాలి, క్రాస్‌మెంబర్ వెనక్కు జరపాలి. అన్నిటికన్నా ముందు కార్బ్యురేటర్ నుంచి వచ్చే టీవీ (థ్రాటిల్ వాల్వ్) కేబుల్‌ను సరిగ్గా అమర్చేవారిని వెతుక్కోండి, ఎందుకంటే ఆ పెట్టె లోపలి ఆయిల్ ప్రెషర్ ఆ కేబుల్ చేతిలో ఉంటుంది. అది కొంచెం వదులైనా ఎంత మంచి కన్వర్టర్ పెట్టినా క్లచ్ పలకలు కొద్ది మైళ్ళలోనే మాడిపోతాయి.